వాదించనంటూనే వాదించిన ప్రసంగం

అన్యాయం గురించి గట్టిగా మాట్లాడే మనిషికి ఎప్పుడో ఒకప్పుడు ఒక సలహా వినిపిస్తుంది. ‘నువ్వు చెప్పేది నిజమే. కానీ ఆ కోపం ఎందుకు? కాస్త నెమ్మదిగా, నచ్చజెప్పినట్టు చెబితే అందరూ వింటారు కదా!’ ఈ సలహా ఇచ్చేవాళ్లు శత్రువులు కారు. చాలాసార్లు మన పక్షాన ఉన్నవాళ్లే. 1852లో అమెరికాలో ఒక నల్లజాతి వక్త ఈ సలహాను తన ప్రసంగం మధ్యలో తానే ఎత్తి, వేదిక మీదనుంచే దానికి జవాబిచ్చారు. ఆయన పేరు ఫ్రెడరిక్ డగ్లస్. జులై నాలుగు అమెరికా స్వాతంత్ర్య దినం. ‘బానిసకు మీ జులై నాలుగు ఏమవుతుంది?’ అన్న ప్రశ్నతో ఆ ప్రసంగం చరిత్రలో నిలిచిపోయింది. అక్కడి హైస్కూళ్లలో దాన్ని పాఠంగా చెబుతారు కాబట్టి అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లలకు తెలిసే ఉండొచ్చు. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏటా చాలా ఊళ్లలో జనం ఒకచోట చేరి, తలా ఒక పేరా చొప్పున దాన్ని పైకి చదువుతారు.

ఇంత పేరున్నా, ఆ ప్రసంగాన్ని సగమే గుర్తుపెట్టుకున్నాం అనిపిస్తుంది. అందరూ పంచుకునేది మధ్యలోని నిప్పులాంటి భాగం. అది మాత్రమే చదివితే కడుపు మండిన మనిషి అప్పటికప్పుడు అరిచినట్టు ఉంటుంది. నిజానికి డగ్లస్ ఆ ప్రసంగం రాయడానికి రెండు మూడు వారాలు అదనంగా కష్టపడ్డానని మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నారు. ఆ కోపం ఎక్కడ మొదలవ్వాలి, దానికి ముందు విన్నవాళ్ల చేత ఏమేం ఒప్పించాలి, దాని తర్వాత వాళ్ల చేతిలో ఏం పెట్టి పంపాలి అన్నదంతా లెక్క ప్రకారం జరిగింది. ఆ ప్రసంగం బలమంతా ఆ వరుసలో ఉందని నా నమ్మకం. అందుకే దాన్ని మొదటినుంచీ, అదే వరుసలో చూద్దాం.

ఎవరు, ఎవరితో మాట్లాడారు

డగ్లస్ 1818లో మేరీల్యాండ్ రాష్ట్రం, టాల్బట్ కౌంటీలో బానిసగా పుట్టారు. పుట్టిన తేదీ ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. బాల్టిమోర్‌లో సోఫియా ఆల్డ్ అనే యజమానురాలు ఆ పిల్లవాడికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. ఆమె భర్త హ్యూ ఆల్డ్ వెంటనే ఆపించాడు. చదువొచ్చిన బానిస ఇక బానిసగా పనికిరాడని అతని భయం. ఆ మాట పిల్లవాడి చెవిన పడింది. చదువులో అంత శక్తి ఉందా అని అప్పుడే తెలిసింది. పన్నెండేళ్ల వయసులో 50 సెంట్లు పెట్టి ‘ది కొలంబియన్ ఒరేటర్’ అనే ప్రసంగాల పుస్తకం కొనుక్కున్నాడు. అందులో యజమానికీ, బానిసకీ మధ్య ఒక సంభాషణ ఉంటుంది. బానిస ఒక్కో వాదాన్నీ తిప్పికొడుతూ పోతే చివరికి యజమాని ఒప్పుకుని అతన్ని విడిచిపెడతాడు. వాదిస్తే గెలవొచ్చు అన్నది ఆ పిల్లవాడు పుస్తకంలో నేర్చుకున్న తొలి పాఠం. ఇది గుర్తుపెట్టుకుంటే, 1852లో ఆయన ‘వాదించను’ అన్నప్పుడు ఆ మాట బరువు తెలుస్తుంది.

1838 సెప్టెంబర్ 3న నావికుడి వేషంలో రైలెక్కి పారిపోయారు. 1841 నుంచి బానిసత్వ నిర్మూలన సభల్లో మాట్లాడటం మొదలుపెట్టారు. 1845లో ఆత్మకథ అచ్చయ్యాక పట్టుకుపోతారేమో అన్న భయం పెరిగి ఐర్లండ్, బ్రిటన్ వెళ్లారు. అక్కడి మిత్రులు 1846లో 150 పౌండ్లు చెల్లించి ఆయన స్వేచ్ఛను కొన్నారు. తిరిగొచ్చాక న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో స్థిరపడి 1847లో సొంత పత్రిక పెట్టారు.

1852లో రాచెస్టర్‌లోని బానిసత్వ వ్యతిరేక మహిళా సంఘం వాళ్లు స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగం చేయమని ఆయన్ని పిలిచారు. ఆ ఏడాది జులై 4 ఆదివారం. సభ సోమవారం, 5న కొరింథియన్ హాల్‌లో జరిగింది. ఆ తేదీకి వేరే చరిత్ర కూడా ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం చట్టప్రకారం ముగిసింది 1827 జులై 4న. తెల్లవాళ్ల సంబరాల రోజున వీధిలోకి వస్తే దాడులు జరిగే ప్రమాదం ఉండటంతో అక్కడి నల్లవాళ్లలో చాలామంది తమ ఊరేగింపును మర్నాడు, 5న జరుపుకునేవారు.

టికెట్ పన్నెండున్నర సెంట్లు. వచ్చినవాళ్లు ఐదారు వందల మంది, ఎక్కువమంది తెల్లవాళ్లు. ప్రసంగానికి ముందు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చదివారు. మనుషులంతా సమానంగా పుట్టారన్న వాక్యం అందరి చెవుల్లో ఇంకా మోగుతూ ఉండగానే డగ్లస్ లేచారు. అప్పటికి దక్షిణాది రాష్ట్రాల్లో దాదాపు 32 లక్షల మంది బానిసలుగా ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం తేల్చుకోవాలి. ఆ హాల్లో బానిసల యజమానులు లేరు. కూర్చున్నవాళ్లలో చాలామంది బానిసత్వం తప్పని ముందే నమ్మినవాళ్లు. అలాంటివాళ్ల ముందు ‘బానిసత్వం తప్పు’ అని చెబితే చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. నమ్మాం కదా, అది చాలు అనుకునే మనిషిని కదిలించడం ఎదిరించే మనిషిని కదిలించడం కన్నా కష్టం. డగ్లస్ ముందున్న పని అదే.

ముందు పొగడ్త

మొదట ఆయన తగ్గి మాట్లాడతారు. ఈ వేదికకూ, తాను పారిపోయి వచ్చిన, బానిసలు పనిచేసే తోటకూ మధ్య దూరం చాలా ఉందనీ, ఆ దూరం దాటి రావడం చిన్న విషయం కాదనీ అంటారు. వినేవాళ్లకు అది వినయంగా వినిపిస్తుంది. కానీ ఆ ఒక్క వాక్యంతో, మాట్లాడుతున్నది ఎవరో సభలో ఎవరూ మర్చిపోలేరు.

తర్వాత చాలాసేపు అమెరికా స్వాతంత్ర్య పోరాటాన్ని పొగుడుతారు. పైపై పొగడ్త కాదు. 1776లో ప్రకటన మీద సంతకాలు చేసినవాళ్లు ధైర్యవంతులనీ, గొప్పవాళ్లనీ అంటారు. తాను వాళ్లను చూడాల్సి వచ్చిన చోటు వాళ్లకు అంత అనుకూలమైనది కాకపోయినా, వాళ్ల పనిని మెచ్చుకోకుండా ఉండలేనంటారు. వాళ్లు శాంతి కోరినవాళ్లే, కానీ తలవంచి బానిసలుగా బతకడం కన్నా తిరుగుబాటే మేలనుకున్నారు. న్యాయంగా లేనిదేదీ వాళ్ల దృష్టిలో ‘తేలిపోయిన విషయం’ కాదు.

ఈ పొగడ్తలోనే ఆయన ఒక పని చేసి పెట్టుకుంటున్నారు. ‘ఇంగ్లండ్‌ది తప్పు, అమెరికాది ఒప్పు అని ఈరోజు ఎవరైనా అనగలరు. పిరికివాడూ అనగలడు. కానీ ఆ మాట అన్నందుకు మనుషుల్ని కుట్రదారులు, అల్లర్లు రేపేవాళ్లు, ప్రమాదకరమైనవాళ్లు అన్న రోజులున్నాయి’ అని గుర్తుచేస్తారు. అవన్నీ 1852లో బానిసత్వ నిర్మూలనవాదుల మీద పడుతున్న నిందలే. ఆ పోలికను ఆయన నోటితో చెప్పలేదు. సభలోవాళ్లే కలుపుకోవాలి. ఎదుటివాడు చెప్పినదాన్ని మనం కాదనొచ్చు గానీ, మనంతట మనం తేల్చుకున్నదాన్ని అంత తేలిగ్గా కాదనలేం.

అదే సమయంలో ఇంకో సూదిమొన ఆ భాగమంతా లోపల్లోపల కదులుతూ ఉంటుంది. మీ జాతీయ స్వాతంత్ర్యం. మీ రాజకీయ స్వేచ్ఛ. మీ తండ్రులు. మీ దేశం వయసు 76 ఏళ్లు. ‘తోటి పౌరులారా’ అని పిలుస్తూనే, ఒక్కసారి కూడా ‘మన తండ్రులు’ అనరు. మొదట్లో ఎవరూ పట్టించుకోరు. నాలుగోసారో ఐదోసారో వినేసరికి ఎక్కడో గుచ్చుకోవడం మొదలవుతుంది. కారణం ఆయన ఇంకా చెప్పలేదు. ఆ టెన్షన్‌ను అలాగే పెరగనిస్తారు.

పొగడ్త చివర్లో స్వరం మారుతుంది. తన పని ఇప్పటి కాలంతో అంటారు. తండ్రుల గొప్పదనాన్ని పొగిడేవాళ్లు చాలాసార్లు తమ తప్పులు కప్పిపుచ్చుకోడానికే పొగుడుతారన్న మాటను గుర్తుచేస్తారు. దేశ తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ తన బానిసలకు విముక్తి రాసిపెట్టి పోయాడు. ఆయన స్మారకాన్ని మాత్రం మనుషుల రక్తం ఖరీదుతో కడుతున్నారనీ, మనుషుల్ని అమ్ముకునేవాళ్లే ‘వాషింగ్టన్ మా తండ్రి’ అని కేకలు పెడుతున్నారనీ అంటారు. బైబిల్ చదివినవాళ్లకు ఆ కేక తెలుసు. యూదుల మూలపురుషుడైన అబ్రాహాము పేరెత్తి, ‘అబ్రాహాము మా తండ్రి’ అని చెప్పుకుంటూ అబ్రాహాము దారి వదిలేసినవాళ్ల కథ అది.

ఈ పండగ మీది

అక్కడ ఆగి అడుగుతారు. ‘తోటి పౌరులారా, క్షమించండి. ఈరోజు మాట్లాడమని నన్నెందుకు పిలిచారు? మీ స్వాతంత్ర్యంతో నాకూ, నా జనానికీ ఏం సంబంధం?’

ఇప్పటిదాకా దాచిన ‘మీ’ ఇక్కడ బయటపడుతుంది. ‘ఈ జులై నాలుగు మీది, నాది కాదు. మీరు సంతోషపడొచ్చు, నేను ఏడవాలి.’ సంకెళ్లతో ఉన్న మనిషిని స్వేచ్ఛా మందిరంలోకి ఈడ్చుకొచ్చి, రా, మాతో కలిసి సంతోషంగా పాడు అనడం అమానుషమైన ఎగతాళి అంటారు. ‘నన్ను ఎగతాళి చేయడానికే పిలిచారా?’ అని సూటిగా అడుగుతారు. జాతరలో డప్పు కొట్టడానికి పిలిచి, గుడి మెట్ల దగ్గరే ఆపేసిన మనుషులకు ఈ ప్రశ్న ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ వెంటనే కీర్తనల గ్రంథంలోని 137వ కీర్తన ఎత్తుకుంటారు. బబులోను నదుల దగ్గర చెరలో కూర్చుని ఏడుస్తున్న యూదులను, వాళ్లను చెరపట్టినవాళ్లే మీ సొంత నేల సీయోను పాట ఒకటి పాడండి అంటారు. పరాయి నేలమీద ఆ పాట ఎలా పాడతాం అన్నది వాళ్ల జవాబు. ఆ సభలో చిన్నప్పటినుంచీ ఈ కీర్తన వినని మనిషి ఉండడు. ప్రతివాళ్లూ అందులో తమను చెరలో ఉన్నవాళ్ల పక్షాన ఊహించుకునే పెరిగారు. డగ్లస్ ఆ కీర్తనలో ఒక్క మాటా మార్చలేదు, మనుషుల చోట్లు మార్చారు. చెరలో ఉన్నది మేము, పాట అడుగుతున్నది మీరు. వాళ్లు పవిత్రం అనుకునేదాన్ని ఎదిరించకుండా, దాన్నే సాక్ష్యంగా నిలబెట్టడం ఈ ప్రసంగమంతటా కనిపించే పద్ధతి. బైబిల్, స్వాతంత్ర్య ప్రకటన, వాషింగ్టన్ పేరు, అన్నీ విన్నవాళ్ల ఇంటివే. బయటినుంచి తెచ్చినది చాలా తక్కువ.

ఏం వాదించమంటారు?

ఇప్పుడు ఆ సలహా వస్తుంది. సభలో ఎవరో అంటున్నట్టు ఊహించి ఆయనే పలుకుతారు. ‘మీరు, మీ నిర్మూలనవాద సోదరులు ఇక్కడే దెబ్బతింటున్నారు. తిట్టడం తగ్గించి వాదించండి, మందలించడం తగ్గించి నచ్చజెప్పండి. మీ ఉద్యమం గెలుస్తుంది.’

జవాబు చిన్న ప్రశ్నతో మొదలవుతుంది. అంతా స్పష్టంగా ఉన్నచోట ఇక వాదించడానికి ఏముంది? మీరే చెప్పండి, ఏ అంశం వాదించమంటారు?

బానిస మనిషేనని వాదించాలా? ఆ విషయం యజమానులు ముందే ఒప్పుకున్నారు, తమ చట్టాల్లో రాసి మరీ ఒప్పుకున్నారు. వర్జీనియాలో 72 నేరాలకు నల్లవాడికి ఉరిశిక్ష ఉందనీ, అందులో రెండింటికే తెల్లవాడికి ఆ శిక్ష పడుతుందనీ చెబుతారు. తప్పొప్పులు తెలిసిన మనిషి కాకపోతే శిక్ష ఎందుకు? ఇంకో సాక్ష్యం ఇంతకన్నా పదునైనది. దక్షిణాది చట్టాల నిండా బానిసకు చదవడం, రాయడం నేర్పకూడదన్న నిషేధాలున్నాయి. ‘పొలంలోని పశువుల గురించి అలాంటి చట్టం ఒక్కటి చూపించండి. అప్పుడు బానిస మనిషా కాదా అని వాదించడానికి ఒప్పుకుంటాను.’

ఇక్కడ కాసేపు ఆగాలి. తనను మనిషిగా నిరూపించుకోమని అడిగినప్పుడు నిరూపించడానికి దిగితే, ఆ ప్రశ్న అడగదగినదేనని ఒప్పుకున్నట్టవుతుంది. డగ్లస్ ఆ ఉచ్చులో పడలేదు. నిరూపించే పనిని అడిగినవాళ్ల చట్టాల మీదే వదిలేశారు. చదువు నేర్పకూడదని ఎందుకు రాసుకున్నారు? భయంతో. భయం ఎందుకు? ఎదురుగా ఉన్నది మనిషని తెలుసు కాబట్టి. హ్యూ ఆల్డ్ ఇంట్లో చిన్నప్పుడు విన్న మాట ఇక్కడ చట్టశాస్త్రంగా మారి బయటికొచ్చింది.

ఆ తర్వాత ఊపిరి తిప్పుకోనివ్వని పొడవాటి వాక్యం ఒకటి వస్తుంది. మేం దున్నుతున్నాం, నాటుతున్నాం, కోస్తున్నాం. ఇళ్లు, వంతెనలు, ఓడలు కడుతున్నాం. ఇత్తడి, ఇనుము, రాగి, వెండి, బంగారం పని చేస్తున్నాం. లెక్కలు రాస్తున్నాం. మాలో లాయర్లు, డాక్టర్లు, కవులు, సంపాదకులు, టీచర్లు ఉన్నారు. కాలిఫోర్నియాలో బంగారం తవ్వుతున్నాం, పసిఫిక్‌లో తిమింగలాల్ని వేటాడుతున్నాం. ఇలా పనులన్నీ పోగుపడి పోగుపడి, చివర్లో అన్ని పనుల బరువూ ఒక్క మాట మీద పడుతుంది. ఇంత చేస్తూ కూడా, మేం మనుషులమని మేమే నిరూపించుకోవాలట!

మనిషికి స్వేచ్ఛ హక్కని వాదించాలా? ఆ ప్రకటన మీరే చేశారు. ఈ భూమ్మీద, తన వరకు వచ్చేసరికి బానిసత్వం తప్పని తెలియని మనిషి ఒక్కడూ లేడు. నా లెక్కలో మొత్తం ప్రసంగానికి ఇరుసు ఈ వాక్యం. బానిసత్వం మంచిదా చెడ్డదా అన్న చర్చలన్నీ వేరేవాళ్ల బానిసత్వం గురించే జరుగుతాయి. తన మెడకు సంకెల పడితే ఎవరికీ చర్చ అక్కర్లేదు.

మనుషుల్ని పశువులుగా చేయడం, జీతం లేకుండా పనిచేయించుకోవడం, కొరడాతో తోలు ఒలవడం, కుక్కలతో వేటాడటం, వేలంలో అమ్మడం, కుటుంబాల్ని విడదీయడం, ఇదంతా తప్పని నేను వాదించాలా? వాదించను అంటారు. నా కాలానికీ, నా శక్తికీ అంతకన్నా మంచి పనులున్నాయి.

వాదించను అని ఆయన అన్న ప్రతిచోటా వాదం పూర్తయిపోయింది. చట్టాలు చూపించారు, పనులు చూపించారు, హింసను ఒక్కొక్కటిగా పేరుపెట్టి చెప్పారు. వింటున్నవాళ్లకు మాత్రం వాదానికి ఎదురుచెప్పే అవకాశం రాలేదు, ఎందుకంటే వాదన జరుగుతోందని ఆయన ఒప్పుకోలేదు. మన పద్యకావ్యాల్లో, సభాపర్వాల్లో ఇలాంటి నేర్పు తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. కానీ ఇక్కడ ఆ నేర్పు పాండిత్య ప్రదర్శన కోసం వాడలేదు. అవతల లక్షలమంది సంకెళ్లలో ఉన్నారు.

తర్వాతే ఆ ప్రసిద్ధమైన మాటలు. ఈ సమయంలో కావాల్సింది నచ్చజెప్పే వాదం కాదు, కాల్చే వ్యంగ్యం. కావాల్సింది వెలుతురు కాదు, నిప్పు. చిరుజల్లు కాదు, ఉరుము. తుపాను కావాలి, సుడిగాలి కావాలి, భూకంపం కావాలి. ‘అమెరికా బానిసకు మీ జులై నాలుగు ఏమవుతుంది? నా జవాబు వినండి. ఏడాదిలో మిగతా అన్ని రోజులకన్నా ఎక్కువగా, తనమీద జరుగుతున్న ఘోరమైన అన్యాయాన్నీ, క్రూరత్వాన్నీ అతనికి చూపించే రోజు.’ ఆ జవాబు వాక్యాల కట్టుబాటు గమనించండి. ముందు వాళ్ల మాట, వెంటనే దాని అసలు రూపం. మీ వేడుక బూటకం. మీరు గొప్పగా చెప్పుకునే స్వేచ్ఛ అపవిత్రమైన విచ్చలవిడితనం. మీ జాతి ఘనత ఉబ్బిపోయిన డాంబికం. మొదటి భాగంలో ఆయనే పొగిడిన మాటల్ని ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటున్నట్టు ఉంటుంది. ముందు ఇవ్వకపోతే ఇప్పుడు తీసుకోవడానికి ఏమీ ఉండేది కాదు. మధ్యభాగాన్ని విడిగా కత్తిరించి చదివితే పోయేది ఇదే.

చూడండి, వినండి

ఇంతవరకు సూత్రాలు. ఇప్పుడు మనుషుల్ని చూపిస్తారు. 1808 నుంచి అమెరికాలోకి విదేశాలనుంచి బానిసల్ని తేవడం నిషేధం. 1820 చట్టం ఆ వ్యాపారాన్ని సముద్రపు దోపిడీతో సమానం చేసి మరణశిక్ష పెట్టింది. దేశం లోపల మాత్రం వర్జీనియా, మేరీల్యాండ్‌ల నుంచి దక్షిణాన పత్తి, చెరకు తోటలకు మనుషుల్ని అమ్మడం మామూలు వ్యాపారం. సముద్రం మీద ఉరి తీయదగిన నేరం, నేల మీద మర్యాదగల వృత్తి ఎలా అయింది అని అడుగుతారు.

ఆ తర్వాత క్రియలన్నీ మారిపోతాయి. చూడండి. వినండి. నెరిసిన జుట్టుతో నడుస్తున్న ఆ ముసలాయన్ని చూడండి. ఎండలో భుజాలు కాలుతున్న ఆ తల్లిని ఒక్కసారి చూడండి, ఆమె ఉప్పు కన్నీళ్లు చంకలో బిడ్డ నుదుటి మీద పడుతున్నాయి. పదమూడేళ్ల ఆ పిల్లను చూడండి, తల్లిని తలుచుకుని ఏడుస్తోంది. ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. సంకెళ్లు గలగలమంటాయి. మీరు విన్నది కొరడా శబ్దం. హాల్లో కూర్చున్నవాళ్లు ఇప్పుడు శ్రోతలు కారు, దారి పక్కన నిలబడ్డ సాక్షులు. సాక్షి అయ్యాక తెలియదనడానికి వీల్లేదు.

ఇంకో అడుగు ముందుకేసి తన బాల్యంలోకి తీసుకెళతారు. బాల్టిమోర్ రేవు దగ్గర, ఫెల్స్ పాయింట్‌లో ఫిల్‌పాట్ వీధిలో ఉండేవారు. బానిసల వ్యాపారి ఆస్టిన్ వుల్‌ఫోక్ మనుషుల్ని గుంపులుగా గొలుసులతో కట్టి, జనం చూడకుండా అర్ధరాత్రి ఓడలకు తోలించేవాడు. ఆ అడుగుల చప్పుడుకు, ఏడుపులకు పిల్లవాడు ఉలిక్కిపడి లేచేవాడు. పొద్దున్నే తన బాధను యజమానురాలికి చెప్పుకుంటే, ఆమె కూడా ఇది చాలా పాపం అనేది. ఈ చివరి వివరం ఎందుకు పెట్టారో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది. ఆమె జాలి నిజమైనదే. ఆమె ఇంట్లో ఆ పిల్లవాడు బానిసగానే ఉన్నాడు. రాచెస్టర్ హాల్లో కూర్చున్న జాలిగుండెలకు అద్దం ఆ వాక్యంలో ఉంది.

చట్టం, చర్చి గురించిన భాగాలు పొడవైనవే గానీ పద్ధతి అదే. 1850 నాటి పరారీ బానిసల చట్టం ప్రకారం పట్టుబడ్డ మనిషిని బానిసత్వానికి పంపితే విచారించిన అధికారికి పది డాలర్లు, విడిచిపెడితే ఐదు. ఆ మనిషి తన తరఫున సాక్ష్యం చెప్పుకోడానికి లేదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టాక వ్యాఖ్యానం అవసరం పడలేదు. ఇక చర్చి విషయానికొస్తే, పుదీనా, సోంపు, జీలకర్రలో పదోవంతు దేవుడికి లెక్కపెట్టి ఇచ్చి న్యాయాన్ని మర్చిపోయిన పరిసయ్యుల, అంటే బైబిల్లో పైకి నిష్ఠ చూపే యూదు మతవాదుల, కథ ఎత్తుతారు. కీర్తనలు పాడే హక్కు తగ్గిస్తూ చట్టం వచ్చి ఉంటే వెయ్యి చర్చి వేదికలు ఉరిమేవి, మనుషుల్ని వేటాడే చట్టం వస్తే మౌనంగా ఉన్నాయి. వేదిక మీదే కూర్చున్న పాస్టర్‌తో సహా, ఎదురునిలిచిన కొద్దిమంది పేర్లు చెప్పి మరీ మినహాయించారు. అందరినీ ఒకే గాటన కట్టకపోవడం వల్ల మిగిలినవాళ్లకు తప్పించుకునే దారి మూసుకుపోయింది.

చేతిలో ఏం పెట్టి పంపారు

ఇంత మంట తర్వాత ఆయన రాజ్యాంగాన్ని కాల్చేయమనలేదు. నిర్మూలన ఉద్యమంలో ఆయనకు తొలి గురువులాంటి విలియం లాయిడ్ గారిసన్ ఆ రాజ్యాంగాన్ని మరణంతో చేసుకున్న ఒప్పందం అనేవారు. డగ్లస్ 1851లో ఆ వాదంతో తెగతెంపులు చేసుకున్నారు. ఈ ప్రసంగంలో రాజ్యాంగాన్ని అద్భుతమైన స్వేచ్ఛా పత్రం అంటారు. అందులో బానిస అన్న మాటే లేదు కదా, చూపించండి అంటారు. చరిత్రకారులు ఈ విషయంలో ఇప్పటికీ గొడవపడతారు. ప్రతినిధుల సంఖ్య తేల్చే జనాభా లెక్కలో బానిసల్ని ఐదింట మూడొంతులుగా కట్టే నిబంధనా, పారిపోయినవాళ్లను తిరిగి అప్పగించాలన్న నిబంధనా అందులో ఉన్నాయి మరి. నా దృష్టిలో డగ్లస్ వాదం చరిత్రగా బలహీనమే. కానీ నచ్చజెప్పే పనిగా దాని అవసరం తెలుస్తుంది. మీ దేశం పునాదే కుళ్లిందంటే విన్నవాడు చేతులెత్తేస్తాడు. ఆ పత్రం మీది, దాన్ని బానిసల యజమానుల చేతిలోంచి లాక్కోండి అంటే చేయడానికి ఒక పని దొరుకుతుంది.

చివర్లో, ఈ దేశం మీద ఆశ వదులుకోలేదంటారు. ఆ ఆశకు ఆధారంగా చూపించేది మొదట్లో పొగిడిన స్వాతంత్ర్య ప్రకటననే. సముద్రాలు ఇప్పుడు దేశాల్ని విడదీయడం లేదు, కలుపుతున్నాయి, ఒక తీరంలో అన్న మాట అవతలి తీరంలో వినిపిస్తోంది అంటారు. ఆ మాట మన దేశం వరకు నిజమైంది. 1873లో పుణెలో జోతిరావు ఫూలే ‘గులాంగిరి’ (బానిసత్వం) అన్న పుస్తకాన్ని అచ్చువేసి, నల్లవాళ్ల బానిసత్వాన్ని తొలగించడానికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. శూద్రులు, అతిశూద్రుల విముక్తికి మన దేశంవాళ్లూ ఆ దారి పట్టాలని కోరుకున్నారు.

ప్రసంగం పనిచేసిందా అన్న ప్రశ్నకు తేలిక జవాబు లేదు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు నల్లవాళ్లు పౌరులు కాలేరని తీర్పిచ్చింది. బానిసత్వం పోవడానికి నాలుగేళ్ల అంతర్యుద్ధం, 1865లో 13వ రాజ్యాంగ సవరణ కావాల్సి వచ్చాయి. మాటలు ఒక్కటే చేసే పని కాదు అది. డగ్లస్ కూడా మాటల దగ్గర ఆగలేదు. పారిపోయి వచ్చినవాళ్లను రాచెస్టర్‌లోని తన ఇంట్లో దాచి కెనడా దాటించారు, యుద్ధమప్పుడు నల్లవాళ్లను సైన్యంలో చేర్పించారు, ఇద్దరు కొడుకులు ఆ సైన్యంలో పోరాడారు.

బానిసత్వం పోయినా అసమానత పోలేదు. 1876 ఏప్రిల్ 14న వాషింగ్టన్ నగరంలో, అంతర్యుద్ధ కాలపు అధ్యక్షుడు అబ్రహాం లింకన్ విగ్రహావిష్కరణకు డగ్లస్‌నే ప్రధాన వక్తగా పిలిచారు. విముక్తి పొందిన నల్లవాళ్ల విరాళాలతో చేయించిన విగ్రహం అది. అధ్యక్షుడు గ్రాంట్ ఎదురుగా ఉన్నారు. అక్కడ డగ్లస్ వరుసను తిరగేశారు. ముందు తెల్లవాళ్ల వైపు తిరిగి, మీరు లింకన్ బిడ్డలు, మేం మహా అయితే ఆయన సవతి బిడ్డలం అన్నారు. ఆయన ప్రధానంగా తెల్లవాళ్ల అధ్యక్షుడేనన్నారు. తర్వాతే పొగిడారు. నిర్మూలనవాదుల వైపునుంచి చూస్తే లింకన్ నిదానంగా, చల్లగా, పట్టనట్టుగా కనిపిస్తాడు, దేశం మొత్తం మనసుతో కొలిస్తే మాత్రం వేగంగా, పట్టుదలగా కదిలిన మనిషి అన్నారు. 1852లో విన్నవాళ్లు తమను తాము మెచ్చుకోడానికి వచ్చారు కాబట్టి ముందు ఆ మెప్పు ఇచ్చి తర్వాత లాక్కున్నారు. 1876లో విన్నవాళ్లు కృతజ్ఞతలు అందుకోడానికి వచ్చారు, అందుకే నిజం చెప్పేదాకా కృతజ్ఞత చెప్పలేదు.